కుండీలో లావెండర్, కప్పులో తేనీరు



ఈమధ్య సబ్బు కొన్నా, అగరొత్తుల కట్ట కొన్నా, నేల తుడిచే మందు కొన్నా దానిమీద ఊదారంగు పూల బొమ్మ కనబడుతోంది, గమనించారా? ఆ పూలే లావెండర్. వాసన మనందరికీ తెలిసిందే గాని, మొక్కని కళ్ళారా చూసినవాళ్ళు మనలో తక్కువ. ఇప్పుడా పూలతో టీ పెట్టుకు తాగితే మనసు కుదుటపడుతుందని, రాత్రి హాయిగా నిద్రపడుతుందని ఒకరినించి ఒకరికి మాట పాకింది. విదేశాల్లో ఉన్న పిల్లలు వచ్చేటప్పుడు ఎండు పూల డబ్బా తెచ్చిపెడుతున్నారు. నర్సరీకి వెళ్ళినప్పుడు మనమూ ఒక కుండీ కొనుక్కొస్తున్నాం.

"ఈ మొక్క మన ఇంట్లో బతుకుతుందా? దీని పూలు తాగడానికి పనికొస్తాయా? తాగితే నిజంగా నిద్రపడుతుందా?" అని చాలామంది అడుగుతున్నారు. ఈ మూడు ప్రశ్నలకీ వరసగా జవాబు చెప్పుకుందాం.

ముందుగా ఒక్క మాట. మొక్క మీద ప్రేమ కలిగితే మన చెయ్యి ఊరుకోదు. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోస్తేగాని తృప్తి ఉండదు. లావెండర్ దగ్గర మాత్రం ఆ చేతిని కాస్త అదుపులో పెట్టుకోవాలి. దీనికి నీళ్ళు తక్కువ, ఎరువు తక్కువ. టీలో పువ్వు తక్కువ. దాని మీద మనం పెట్టుకునే ఆశ కూడా కాస్త తక్కువగానే ఉండాలి. నేను చెప్పబోయేదంతా ఈ నాలుగు తక్కువల గురించే.

లావెండర్ మనకి మరీ పరాయిది కాదండీ. తులసి, పుదీనా, మరువం, వామాకు ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. కాకపోతే పుట్టిల్లు వేరు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో రాళ్ళతో, సున్నపు మట్టితో నిండిన కొండ వాలులు దాని స్వస్థలం. అక్కడ ఎండ బాగా కాస్తుంది, గాలి పొడిగా ఉంటుంది, రాత్రి చల్లబడుతుంది, చలికాలంలో గట్టి చలి పెడుతుంది. వాన పడినా రాళ్ళ మధ్యనించి జారిపోతుందిగాని వేళ్ళ దగ్గర నిలవదు. ఫ్రాన్సు దేశంలో ప్రొవాన్స్ అనే ప్రాంతంలో మైళ్ళ పొడుగునా ఊదారంగు తివాచీ పరిచినట్టుండే తోటల బొమ్మలు మీరు కేలండర్లలో చూసే ఉంటారు.

మన దేశంలోనూ అలాంటి చోటు ఉంది. జమ్మూ ప్రాంతంలో, దోడా జిల్లాలో భద్రవా అనే కొండ ఊరు. సముద్ర మట్టానికి అయిదు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. అక్కడ మొక్కజొన్న వేసుకునే రైతులు చాలామంది, జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఇచ్చిన నారుతోను, సలహాతోను లావెండర్ పంటకి మళ్ళారు. 2022లో ఆ ఊళ్ళో మొదటిసారి లావెండర్ పండుగ కూడా జరిపారు. కనుక ఎండు పూలు కొనేటప్పుడు విదేశీ డబ్బా కోసమే చూడనక్కరలేదు. మన దేశపు పంటా దొరుకుతుంది.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి చూద్దాం. హైదరాబాదు ఎత్తు పద్ధెనిమిది వందల అడుగుల లోపు. విజయవాడ, విశాఖ, నెల్లూరు అయితే ఆ ఎత్తూ లేదు. ఎండకి మనకేం కొరత లేదు, లావెండర్ ఎండకి భయపడదు కూడా. దానికి గిట్టనిది ఉక్క. పైన తేమ గాలి, కింద తడి మట్టి, రాత్రి కూడా చల్లబడని వేడి, ఈ మూడూ కలిశాయంటే వేరు కుళ్ళుతుంది, అడుగు కొమ్మలు నల్లబడతాయి. అందుకని మన మైదానపు ఊళ్ళల్లో లావెండర్‌ని తులసిలాగా ఏళ్ళ తరబడి ఉండే మొక్కగా అనుకోకండి. బంతి, చేమంతిలాగా ఒక ఋతువు మొక్క అనుకోండి. అక్టోబరు చివర నాటుకుని, చలికాలమంతా చూసుకుని, మార్చి, ఏప్రిల్ దాకా పూలు కోసుకుంటే మన ఖర్చు గిట్టినట్టే. ఆపైన వర్షాకాలం కూడా దాటి నిలిచిందంటే అది మన అదృష్టం. బెంగుళూరులోనో, అరకులోనో ఉండే సోదరీమణులకి ఈ బెంగ కొంచెం తక్కువ.

కొనేటప్పుడు జాతి చూసి కొనాలి. లావెండర్ అన్న పేరుతో నర్సరీల్లో రకరకాలవి అమ్ముతారు. టీకి అన్నిటికన్నా మంచిది 'లావెండ్యులా అంగుస్టిఫోలియా'. దీన్నే ఇంగ్లీషు లావెండర్ అంటారు. ఆకు సన్నగా, అంచు నున్నగా, బూడిదరంగు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. వాసన తియ్యగా ఉంటుంది. అయితే దీనికి చలి కావాలి. చలి చాలకపోతే ఆకు పెరుగుతుందిగాని పువ్వు సరిగా రాదు. రెండోది 'లావెండ్యులా డెంటాటా'. దీని ఆకు అంచు రంపం పళ్ళలాగా ఉంటుంది. మన చలి దీనికి సరిపోతుంది, కనుక మన ఊళ్ళల్లో ఇదే కాస్త సులువుగా పూస్తుంది. కాని వాసనలో కర్పూరపు ఘాటు ఉంటుంది. బట్టల మధ్య పెట్టుకోడానికి, గదిలో వాసనకి దివ్యంగా ఉంటుంది. టీకి మాత్రం అంత రుచి కాదు. మూడోది కంకి తలమీద రెండు కుందేలు చెవుల్లాంటి రేకులు నిలబెట్టుకుని ఉంటుంది. దాని పేరు 'లావెండ్యులా స్టీకాస్'. యునానీ వైద్యంలో 'ఉస్తుఖుద్దూస్' అనే మందు ఈ జాతి పూలే. అది హకీము చూసి ఇచ్చే మందు. మన సాయంత్రపు టీలోకి కాదు.

గింజలు వేద్దామా, మొక్క తెద్దామా అంటే, నా ఓటు మొక్కకే. లావెండర్ గింజ మహా బద్ధకస్తురాలు. తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే తప్ప సరిగా మేలుకోదు. ఆ తర్వాత కూడా మొలవడానికి రెండు వారాలనించి నెల రోజులదాకా పడుతుంది. అందులోనూ సగమే మొలవచ్చు. మొలిచింది ఒక మోస్తరు పూత పట్టేసరికి రెండో ఏడు వస్తుంది. అట్టపెట్టె మీద బొమ్మ చూసి గింజల పొట్లాలు తెప్పించుకున్నవాళ్ళు ఎక్కువగా నిరాశపడేది ఇందుకే. ఎవరింట్లోనైనా మంచి మొక్క ఉంటే నవంబరులో ఒక కొమ్మ అడగండి. పువ్వు లేని లేత కొమ్మ, మూడు నాలుగు అంగుళాలు తుంచి, కింది ఆకులు దూసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో పెడితే నెలా నెలన్నరలో వేరు పోస్తుంది.

ఇక కుండీ. మట్టి కుండీయే తీసుకోండి, పది పన్నెండు అంగుళాల వెడల్పుది. మట్టి కుండీ గోడల్లోంచి తేమ ఆరిపోతుంది. ప్లాస్టిక్ కుండీలో అలా ఆరదు. అడుగున చిల్లు తప్పనిసరిగా ఉండాలి. చిల్లు మీద నాలుగు పెంకు ముక్కలు పరిచి, ఎర్రమట్టి ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు అందులో నాలుగో వంతు కలిపి నింపండి. నల్లరేగడి వద్దు, అది నీళ్ళని పట్టుకుని వదలదు. కొబ్బరి పొట్టు కూడా ఈ మొక్కకి వద్దు, అదీ అంతే. కోడిగుడ్డు పెంకులు ఎండబెట్టి పొడిచేసి ఒక చెంచాడు కలిపితే మంచిది. దీని పుట్టింటి మట్టిలో సున్నం ఉంటుందని చెప్పుకున్నాం కదా. నాటాక పైన చిన్న గులకరాళ్ళు పరిస్తే తడి మట్టి అడుగు ఆకులకి అంటదు. కుండీ కింద పళ్ళెం పెట్టి అందులో నీళ్ళు నిలవనివ్వకండి.

నీళ్ళ విషయానికొద్దాం. ఎన్ని రోజులకొకసారి అని లెక్క పెట్టుకోవద్దు, మీ వేలే లెక్క. చూపుడు వేలు రెండు కణుపులు మట్టిలోకి దింపి చూడండి. చల్లగా, తడిగా తగిలితే చెంబు తిరిగి లోపల పెట్టెయ్యండి. పొడిగా ఉంటేనే నీళ్ళు. పోసేటప్పుడు అడుగు చిల్లులోంచి కారేదాకా ఒకసారి నిండా పొయ్యండి, మళ్ళీ ఆరేదాకా దాని జోలికి పోకండి. పొద్దున్నే పొయ్యాలి, మొదట్లో పొయ్యాలి, ఆకుల మీద చల్లకూడదు.

మా ఎదురింటి వదినగారి చేతిలో కరివేపాకు కూడా కుండీలో ఏపుగా పెరుగుతుంది. అంత మంచి చెయ్యి ఆవిడది. కిందటేడు లావెండర్ తెచ్చి, బియ్యం కడిగిన నీళ్ళు రోజూ పోశారు, పప్పు కడిగిన నీళ్ళూ పోశారు. మూడు వారాల్లో ఆకు వాడింది. "నీళ్ళు చాల్లేదేమో" అని ఇంకో చెంబు పోశారు. అసలు చిక్కంతా అక్కడే ఉందండీ. వేరు కుళ్ళిన మొక్కా, దాహంతో ఉన్న మొక్కా పైకి ఒక్కలాగే వాడతాయి. మట్టి తడిగా ఉండి ఆకు వాడిందంటే అది దాహం కాదు. అప్పుడు నీళ్ళు ఆపి, కుండీని గాలి తగిలే చోటికి మార్చాలి. ఈ ఏడు వదినగారు వేలితో చూశాకే పోస్తున్నారు. సంక్రాంతి నాటికి మొక్క మొగ్గ తొడిగింది.

ఎండ రోజుకి ఆరు గంటలైనా పడాలి. వంటింటి కిటికీలో, పడకగదిలో పెడితే తీగలాగా సాగి పడిపోతుంది. డాబా మీదో, తూర్పు లేక దక్షిణం బాల్కనీలోనో పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండు దాటాక కాస్త నీడ ఇవ్వండి. వానలు మొదలవగానే చూరు కిందికి జరపండి, కాని ఎండా గాలీ తగలాలి సుమండీ. పూత అయ్యాక ఆకు ఉన్న మేర మూడో వంతు కత్తిరించండి. కింద ముదిరి కర్రలాగా అయిన భాగాన్ని మాత్రం కొయ్యకండి. అక్కడినించి మళ్ళీ చిగురు రావడం కష్టం. ఎరువు తరచుగా వేస్తే ఆకు దట్టంగా వస్తుంది, పువ్వూ వాసనా తగ్గుతాయి. నాటినప్పుడు వేసిందే ఆ ఋతువుకి చాలు.

పూలు కోసే ముందు ఒక జాగ్రత్త ఉంది. నర్సరీ మొక్కలు అందానికి అమ్మేవి, తినడానికి కాదు. వాటికి పురుగుమందులు కొట్టే ఉంటారు. కొన్ని మందులు కడిగితే పోవు, మొక్క లోపలికే దిగి ఉంటాయి. అందుకని కొన్నప్పుడు ఉన్న పూలను టీకి వాడకండి. ఆ పూలు కత్తిరించి బట్టల బీరువాలో పెట్టుకోండి. మన ఇంట్లో కొత్తగా చిగిర్చి, ఏ మందూ చల్లకుండా పూసిన కంకులే తాగడానికి ఉంచుకోండి. అలాగే వాసన సంచుల్లో అమ్మే ఎండు పూలకి సెంటు కలిపి ఉండవచ్చు. అవీ టీకి పనికిరావు. కొనేదైతే తినడానికి తగినదని రాసి ఉన్న పొట్లమే కొనాలి.

కంకి మీద మొగ్గల్లో మూడో వంతు విచ్చుకునేసరికి కొయ్యాలి. అన్నీ విచ్చుకునేదాకా ఆగితే వాసన పల్చబడుతుంది. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కొయ్యండి. పది పన్నెండు కంకులు దారంతో కట్టి, చీకటిగా గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీయండి. ఎండలో పెట్టకండి, రంగూ వాసనా రెండూ పోతాయి. వారం పది రోజుల్లో గలగలమంటాయి. అప్పుడు అరచేతిలో నలిపి మొగ్గలు రాల్చుకుని, తడిలేని గాజు సీసాలో పోసి మూత బిగించి, వెలుతురు పడని అరలో పెట్టండి. ఏడాదిదాకా బాగుంటాయి. ఒక కుండీకి దొరికేది పిడికెడు, రెండు పిడికిళ్ళు. దీంతో ఇంటిల్లిపాదికీ రోజూ టీ వస్తుందనుకోకండి. వారానికి ఒకటి రెండు కప్పులు మీకోసం మీరు కాచుకోడానికి వస్తుంది.

ఇక టీ సంగతి. మన టీ అలవాటు ప్రకారం గిన్నెలో వేసి బరబరా మరిగిస్తే వాసనంతా ఆవిరై ఇంటికి పోతుంది, కప్పులో చేదు మిగులుతుంది. ఒక కప్పు నీళ్ళు మరిగించి దింపండి. అందులో చిన్న చెంచాడు ఎండు మొగ్గలు వేసి మూత పెట్టండి. మూత ముఖ్యం, అసలు సారం ఆవిరిలోనే ఉంది. అయిదు నిమిషాలాగి వడకట్టండి. ఎక్కువసేపు ఉంచినా, రెండు మూడు చెంచాలు వేసినా సబ్బు నీళ్ళు తాగుతున్నట్టే ఉంటుంది. పాలు అక్కరలేదు. కావాలంటే కాస్త చల్లారాక తేనె, రెండు చుక్కలు నిమ్మరసం. మొదటిసారి తాగేవాళ్ళు సగం చెంచా లావెండర్, రెండు పుదీనా ఆకులు కలిపి చూడండి, నాలుకకి పరిచయంగా ఉంటుంది.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే ప్రశ్న. నిద్రపడుతుందా? లావెండర్‌లో లినలూల్, లినలైల్ ఎసిటేట్ అనే సుగంధ పదార్థాలున్నాయి. వాటికి నరాలను కొంత శాంతపరిచే గుణం ఉంది. మన ధనియాల సువాసనలో ప్రధానమైనదీ ఆ లినలూలే. యూరపులోని మందుల నియంత్రణ సంస్థ లావెండర్ పువ్వును తేలికపాటి మానసిక అలసటకి, నిద్రకి వాడుకోవచ్చని ఒప్పుకుంది. అయితే అది చిరకాలపు వాడుకను బట్టి ఇచ్చిన అనుమతి, జబ్బు నయం చేస్తుందని తేల్చి ఇచ్చిన హామీ కాదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వద్దని కూడా చెప్పింది. పరిశోధనల్లో ఆందోళన తగ్గినట్టు కనబడినవి చాలావరకు కొలతగా తయారుచేసిన నూనె గుళికల మీద జరిగినవి, కప్పు టీ మీద కాదు.

కాని ఈ టీ వల్ల మనకి తెలియకుండా జరిగే మేలు ఒకటుంది. ఇందులో కాఫీలో, మామూలు టీలో ఉండే కెఫీన్ లేదు. సాయంత్రం అయిదింటికి తాగిన కాఫీలోని కెఫీన్ దాదాపు సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. ఆ కాఫీ మాని దీన్ని తాగితే, నిద్ర రావడానికి సగం కారణం కాఫీ మానడమే. మిగతా సగం, ఇంటెడు చాకిరీ అయ్యాక పది నిమిషాలు ఒకచోట కూర్చుని, ఎవరూ పిలవకుండా ఒక కప్పు తాగడం.

మా ఆడపడుచు ఒకావిడ అయిదారేళ్ళుగా నిద్రమాత్ర వేసుకునేది. ఎవరో చెబితే ఒక రాత్రి మాత్ర మానేసి, ఈ టీ మొదలుపెట్టింది. మూడు రాత్రులు కన్ను మూతపడలేదు. చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆయన టీని ఏమీ అనలేదు. "అన్నాళ్ళు వేసుకున్న మాత్రను ఒక్కసారిగా ఆపకూడదమ్మా, మెట్టు మెట్టుగా తగ్గించాలి" అన్నారు. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ తేడా బయటపడింది. దానికి మందు పడ్డాక నెలల మీద మాత్ర మోతాదు తగ్గుతూ వచ్చింది. కనుక, అమ్మా, నెలకి మించి నిద్రపట్టకపోతే పువ్వుల మీద భారం వెయ్యకండి. నలభై దాటాక వచ్చే వేడి ఆవిర్లు, థైరాయిడ్, రక్తం తక్కువ కావడం, మనసులో పెట్టుకున్న దిగులు, ఇవన్నీ నిద్రని తినేసేవే. వాటికి డాక్టరున్నారు.

ఇంకొన్ని జాగ్రత్తలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్ని అడగకుండా తాగవద్దు. నిద్రమాత్రలు, మనోవ్యాధి మందులు వాడేవాళ్ళూ అంతే, మత్తు మీద మత్తవుతుంది. ఆపరేషన్ ఉందంటే ముందుగా డాక్టరుతో చెప్పండి. తాగాక ఒంటిమీద దద్దుర్లొస్తే మానెయ్యండి. అన్నిటికన్నా ముఖ్యం, చిన్న సీసాల్లో వచ్చే లావెండర్ నూనెను టీలో చుక్క కూడా వెయ్యకండి. ఎన్నో పూల సారం ఒక్క చుక్కలో ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఆ సీసాని చేతికందని చోట పెట్టండి.

మీ శ్రద్ధ అంతా పెట్టినా మొక్క పోయిందనుకోండి, బాధపడకండి. లోపం మీ చేతిది కాదు, ఊరి గాలిది. ఆ కుండీలోనే నిమ్మగడ్డి పిలక ఒకటి నాటండి. మన ఎండా, మన వానా, మన చెంబుడు నీళ్ళూ అన్నీ దానికి ఇష్టమే. రెండు ఆకులు తుంచి వేడి నీళ్ళలో వేసి మూతపెడితే కమ్మని టీ. అందులోనూ కెఫీన్ లేదు. పక్కన తులసి ఎలాగూ ఉంది. లావెండర్ ఉంటే ముచ్చట, లేకపోతే లోటు లేదు.

వచ్చే చలికాలానికి ఒక కుండీ, దొడ్డు ఇసుక సిద్ధం చేసుకోండి. ఈలోగా చూపుడు వేలితో మట్టి చూసి నీళ్ళు పోసే అలవాటు ఇంట్లో ఉన్న మొక్కలతోనే మొదలుపెట్టండి. సెలవు.